చెంచాకు అంటిన నూనె

మందుల షాపులో ఆ డబ్బా చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దాని మీద ఒక కుటుంబం బొమ్మ. నాన్న, అమ్మ, ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని పరుగెడుతుంటారు. నలుగురి కాళ్ళూ చువ్వల్లా తిన్నగా ఉంటాయి. కింద ‘ఇంటిల్లిపాదికీ కాడ్ లివర్ ఆయిల్’ అని రాసి ఉంటుంది. మొన్న మా బాబుకి దగ్గు మందు కొనడానికి వెళితే షాపాయన దాన్ని నా ముందుకు తోశాడు.

“ఇది కూడా తీసుకెళ్ళండి మేడమ్. ఎముకలకి మంచిది, కళ్ళకి మంచిది. ఇప్పుడు పాత కంపు కూడా లేదు, నిమ్మకాయ వాసన కలిపారు. పిల్లలు చాక్లెట్లలా మింగేస్తారు.”

“దీని సంగతి నాకు చెప్పకండి,” అన్నాను. “నేను దీన్ని తాగి పెరిగినదాన్నే.”

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. పాపం, ఆయన తప్పేం లేదు. చెప్పినదాంట్లో అబద్ధమూ పెద్దగా లేదు. ఆ నూనె పనిచేస్తుంది. పనిచేస్తుంది కాబట్టే నా కోపం.

నేను పెరిగింది మిల్లు కార్మికుల ఆడపిల్లల కోసం దాతలు నడిపిన ఒక హాస్టల్లో. మిల్లు పొగ పుణ్యమా అని ఆ పేటలో ఎండ కూడా బూడిద రంగులోనే పడేది. పిల్లలకి పళ్ళు ఆలస్యంగా వచ్చేవి, కాళ్ళు వంకరపోయేవి, చలికాలమంతా ముక్కులు కారుతూనే ఉండేవి. అందుకని దాతలు ఏటా ఏదో చలిదేశం నుంచి రేకు డబ్బాల్లో చేపనూనె తెప్పించేవారు. అప్పట్లో మా ఊరి కొట్లలో అది దొరికేది కాదు. హాస్టల్లో ఉన్న ప్రతి పిల్లా పొద్దున్నే ఏదైనా తినకముందు వరండాలో వరసలో నిలబడి ఒక చెంచా మింగాలి. మింగించే ఆవిడ నూనాయమ్మ. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ పట్టలేదు.

మనిషి సన్నగా ఉండేది, చేతులు మాత్రం మగవాళ్ళ చేతులు. ఎడమచేత్తో ముక్కు మూసేది. నోరు దానంతటదే తెరుచుకునేది. కుడిచేతిలోని చెంచా లోపలికి పోయేది. “మింగు,” అనేది. మింగాక “ఆ అను,” అనేది. ‘ఆ’ అంటే నాలుక కింద కూడా వెతికేది. అప్పుడు గానీ నాలుక మీద చిటికెడు ఉప్పు పడేది కాదు. బుగ్గలో దాచుకుని పెరట్లో ఉమ్మేసే గడుసు పిండాలు మాలో చాలామంది ఉండేవారు. ఆవిడ దగ్గర ఎవరి పప్పులూ ఉడకలేదు. ఒకసారి నేను కడుపునొప్పి అని మెలికలు తిరిగిపోయాను. “తగ్గాకే మింగుదువుగానిలే, అందాకా ఇక్కడే నిలబడు,” అని గోడ పక్కన నిలబెట్టింది. మిగతావాళ్ళు తిండికి వెళ్ళిపోయేసరికి నా నొప్పి కూడా పోయింది.

పనంటే ఆవిడకి ప్రాణం. కొత్త డబ్బా తెరిచిన రోజు ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని, కనరు వాసన వస్తోందేమో చూసేది. చలికి నూనె చిక్కబడితే డబ్బాని గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో నిలబెట్టేది. మేమేమో ఆవిడ బట్టల వాసనకే దూరంగా పారిపోయేవాళ్ళం. మా ఆటల్లో దయ్యం ఎప్పుడూ నూనాయమ్మే.

అయినా ఉన్నమాట చెప్పాలి. హాస్టల్లో చేరేటప్పుడు నాకు పొద్దుగూకితే చూపు ఆనేది కాదు. ఏడాది తిరిగేసరికి సందెచీకట్లో సూదిలో దారం ఎక్కించాను. వంకర కాళ్ళతో వచ్చిన పసిపిల్లలు మా కళ్ళముందే తిన్నగా నిలబడ్డారు. అప్పుడప్పుడూ వచ్చే డాక్టరమ్మ మమ్మల్ని బల్ల ఎక్కించి, మోకాళ్ళు తట్టి చూసి, “భేష్,” అనేది. ఆ మెచ్చుకోలు మాకు కాదు, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ నూనాయమ్మకి.

డబ్బాల గది తాళంచెవి ఆవిడ మెడలో తాడుకి వేలాడుతూ ఉండేది. శనివారం వార్డెనమ్మ వచ్చి డబ్బాలో పుల్ల ముంచి కొలిచేది. కొలత ఎన్నడూ తప్పలేదు. నూనాయమ్మ నిప్పు అనేవారు అందరూ.

ఆ తాళంచెవి ఆవిడకి ఎలా వచ్చిందో వంటావిడ చెప్పగా విన్నాను. అంతకు ముందు నూనె పోసేది పెద్దాయమ్మ అనే ముసలావిడ. నూనాయమ్మ అప్పుడు వరండాలు ఊడ్చేది. ఒకరోజు పెద్దాయమ్మ చిన్న సీసాని నడుముకి గుడ్డతో కట్టుకుని గేటు దాటబోతుంటే నూనాయమ్మ కంటపడింది. వెళ్ళి వార్డెనమ్మ చెవిన వేసింది. పెద్దాయమ్మని ఆ పూటే పంపించేశారు. ఆవిడ మారుమాట్లాడకుండా తల వంచుకుని పోయిందట. మర్నాడు చెంచా నూనాయమ్మ చేతికొచ్చింది. వంటావిడ ఈ కథ చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది కూడా కాదు. తప్పు చేసింది, పోయింది, అంతే అన్నట్టు చెప్పేది.

ఆ తర్వాత కొంతకాలానికి నూనాయమ్మకి ఒక కూతురు పుట్టింది. చిట్టి అనేవాళ్ళం. నాకంటే రెండేళ్ళు చిన్నది. తండ్రి లారీ ఎక్కి వెళ్ళినవాడు ఏ ఊళ్ళో దిగిపోయాడో ఎవరికీ తెలీదు. తల్లీకూతుళ్ళు మెట్ల కింద గదిలో ఉండేవారు. దానికి కిటికీ లేదు. పనివాళ్ళ పిల్లలు హాస్టల్ పిల్లల్లో కలవకూడదని నియమం. అందుకని తల్లి పనిలో ఉన్నంతసేపూ చిట్టి ఆ గదిలోనే, బయట గడియ. తలుపు కింది సందులోంచి మా కాళ్ళు చూస్తూ పొద్దుపుచ్చేది. ఎక్కే కాళ్ళు, దిగే కాళ్ళు. పాదం చూసి ఎవరో చెప్పేసేది.

తన కాళ్ళు మాత్రం వంగిపోయాయి. దొడ్డికాళ్ళు. పాదాలు దగ్గర పెట్టి నిలబడితే మోకాళ్ళ మధ్య నుంచి పిల్లి దూరిపోగలదు.

ఒకసారి డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి మెట్ల కిందికి వచ్చి, తెరిచి ఉన్న తలుపులోంచి చిట్టిని చూసింది. తువ్వాలు పట్టుకుని నేను పక్కనే ఉన్నాను.

“ఈ పిల్ల ఎవరిది?”

“నాదేనమ్మా,” అంది నూనాయమ్మ.

“నీదా? మందు చేతిలో పెట్టుకుని దీన్నిలా వదిలేశావేంటమ్మా? ఎండలో కూర్చోబెట్టు. రోజూ ఒక చెంచా పొయ్యి. చిన్నపిల్ల కాబట్టి ఎముకలు ఇంకా లొంగుతాయి. రెండేళ్ళు పోతే నేను కూడా ఏం చెయ్యలేను.”

“అది హాస్టల్ పిల్లల నూనె కదమ్మా.”

“అయితే వార్డెన్ని అడుగు. నేను చెప్పానని చెప్పు.”

నూనాయమ్మ తలూపింది. కానీ అడగలేదు. వార్డెనమ్మ గది మెట్లకి ఎదురుగానే ఉండేది. గుమ్మం దాకా వెళ్ళేది, చేతిలో గుడ్డతో గుమ్మం తుడిచి వెనక్కి వచ్చేది. ఆ గుమ్మం అద్దంలా మెరిసేది. పరువు కోసం కన్నబిడ్డ కాళ్ళు కుదువ పెట్టే తల్లి ఉంటుందా అని నేను పెద్దయ్యాక ఎన్నిసార్లు పళ్ళు కొరుక్కున్నానో.

అడగడానికి బదులు ఆవిడ ఇంకో పని చేసింది. మా అందరి నోళ్ళలో తిరిగిన చెంచాకి నూనె జిడ్డు అంటుకుని ఉంటుంది కదా. కడిగితే అది తూముపాలే. తూములోకి పోయేది హాస్టల్ సొత్తు కాదని ఆ తల్లి తనలో తను తీర్పు చెప్పుకుంది. వరస అయిపోగానే చెంచాని అరచేతిలో దాచి మెట్ల కిందికి పోయేది. చిట్టి దాన్ని కాడ దాకా నాకేది. ముక్కు మూయక్కర్లేదు, ‘ఆ’ అనిపించక్కర్లేదు. మా హాస్టల్లో ఆ నూనెని ఇష్టంగా తిన్న పిల్ల అదొక్కతే.

“ఛీ, ఎలా నాకుతావే దాన్ని?” అని అడిగాను ఒకసారి తలుపు సందులోంచి.

“మా అమ్మ మీకు ఉత్త నూనే ఇస్తుంది,” అంది గొప్పగా. “నాకైతే చెంచాయే ఇచ్చేస్తుంది.”

ఏడాది చివర్లో కొంత నూనె మిగిలిపోయేది. సెలవులకి వెళ్ళినవాళ్ళ వాటా, జబ్బుపడి ఇంటికి పోయినవాళ్ళ వాటా. గడువు దాటాక దాన్ని వార్డెనమ్మ ఎదుట పెరటి తూములో పారబొయ్యాలి. పారబోసేది నూనాయమ్మే. డబ్బా బోర్లించి, అడుగున ఉన్నది కూడా దిగేలా తట్టి మరీ పోసేది. నాలుగు రోజుల పాటు వీధి పిల్లులన్నీ తూము చుట్టూనే ఉండేవి. పిల్లులకి దక్కింది. ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా నాకు కడుపు రగిలిపోతుంది.

చెంచా జిడ్డుతో ఎముకలు నిలబడతాయా? సెలవురోజుల్లో కూతుర్ని వెనక సందులో ఎండకి కూర్చోబెట్టేది గానీ, ఆ పొగలో ఎండ మాత్రం ఎంత? డాక్టరమ్మ చెప్పిన రెండేళ్ళూ గడిచిపోయాయి. చిట్టి కాళ్ళు అలాగే గట్టిపడ్డాయి. పెద్దయ్యాక చొక్కాలకి గుండీలు కుట్టే పనిలో చేరింది, కూర్చుని చేసే పని కాబట్టి. ముప్పై నిండకుండానే మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. నడిస్తే అటూ ఇటూ ఊగుతుంది, ఎక్కడికెళ్ళినా తల్లి భుజం ఆసరా కావాలి. అయినా తల్లిని పల్లెత్తు మాట అనలేదు. “మా అమ్మ నిప్పు, తెలుసుగా!” అని తనే నవ్వేసేది.

పోయిన నెల హాస్టల్లో నూనాయమ్మకి వీడ్కోలు సభ పెట్టారు. పాత పిల్లలందరినీ పిలిచారు. తిన్నని కాళ్ళతో, ఎత్తు మడమల చెప్పులతో టకటకలాడుతూ వచ్చాం. కమిటీ పెద్దాయన మైకు పట్టుకున్నాడు.

“ఇన్నేళ్ళలో ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క నూనె ఆయమ్మ ఇంటికి పోలేదు! ఈ రోజుల్లో ఎక్కడ చూస్తామండీ ఇలాంటి మనుషుల్ని?”

చప్పట్లు మోగాయి. పూలగుత్తి ఇచ్చారు. రెండు మాటలు చెప్పమంటే నూనాయమ్మ తల అడ్డంగా ఊపింది. “పోనీ, అమ్మాయి చెబుతుంది,” అన్నాడు పెద్దాయన. చిట్టి కుర్చీలోంచి లేచింది. ఆమె వేదిక మెట్లు ఎక్కుతున్నంతసేపూ హాలంతా మర్యాదగా ఎటో చూసింది.

“పెద్దాయన చెప్పింది నిజమేనండీ,” అంది మైకులో. “ఒక్క చుక్క కూడా మా ఇంటికి రాలేదు. నమ్మకం లేకపోతే నా కాళ్ళు చూడండి.”

నవ్వుతూనే అంది. అంతలో ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. హాలంతా అందుకుంది. ఇందాకటి కంటే గట్టిగా కొట్టారు, సిగ్గులేని జనం. నూనాయమ్మ పూలగుత్తిలో మొహం దాచుకుంది.

సభ అయ్యాక టీ ఇచ్చారు. వార్డెనమ్మ బాగా ముసలిదైపోయింది. చేతికర్ర ఆనించుకుంటూ నేనూ తల్లీకూతుళ్ళూ కూర్చున్న చోటికే వచ్చింది. నేను కుర్చీ వేశాను.

“ఏమే, నీ మాట నాకు సూదిలా గుచ్చుకుంది,” అంది చిట్టితో. “అడిగితే ఇవ్వనా నేను? ఏటా తూములో పోయించానే! మీ అమ్మ నోరు తెరిచి అడిగి ఉంటే ఒక డబ్బా నీ పేరు మీదే పెట్టేదాన్ని.”

“మా అమ్మకి పరువు ఎక్కువమ్మా,” అంది చిట్టి. ఆ గొంతులో ఇంకా చనువే ఉంది.

“పరువూ లేదు, పాడూ లేదు. ఆ పెద్దాయమ్మ కూడా ఇంతే. సీసా దొరికాక కూడా నోరు విప్పలేదు. ఎవరికి అమ్ముకుంటున్నావని అడిగితే తల దించుకుని పోయింది. అమ్ముకుంటోందనే కదా తీసేశాను.”

“అమ్ముకోలేదమ్మా,” అంది నూనాయమ్మ. ఆ రోజు ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే. “మనవడి కోసం పట్టుకెళ్ళింది. వాడి కాళ్ళు వంకరపోతున్నాయని.”

“నీకెలా తెలుసు?”

“గేటు దగ్గర నా చేతులు పట్టుకుని చెప్పింది.”

వార్డెనమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. “మరి నాకు సీసా సంగతి ఒక్కటే చెప్పావేం?”

నూనాయమ్మ పూలగుత్తిని ఇంకో చేతిలోకి మార్చుకుంది. మనవడి మాట చెప్పి ఉంటే పెద్దాయమ్మ పోయేది కాదు, తాళంచెవి ఈవిడ మెడలోకి వచ్చేది కాదు. ఇన్నేళ్ళూ నేను ఆవిడ నిజాయితీని తిట్టుకుంటూ వచ్చాను. తిట్టాల్సింది దాన్ని కాదు.

చిట్టి టీ కప్పు కింద పెట్టింది.

“అంటే డాక్టరమ్మ చెప్పకముందే నీకు తెలుసు. నేను పుట్టకముందే తెలుసు, ఆ నూనె కాళ్ళకి మందని.”

“తెలుసు.”

“తెలిసి కూడా నా కోసం అడగలేదు.”

“నీ కాళ్ళ మాట ఎత్తితే ఆ పిల్లాడి కాళ్ళ మాట కూడా వచ్చేది కదే,” అంది నూనాయమ్మ. “ఏ మొహం పెట్టుకుని అడగను?”

చిట్టి లేచింది. అలవాటు కొద్దీ నూనాయమ్మ భుజం ముందుకు వంచింది. చిట్టి దాన్ని పట్టుకోలేదు. గోడ పట్టుకుని మెట్ల పక్కనుంచి, ఆ గది ముందునుంచి, గేటు వైపు నడిచింది. “ఆగవే, నేనూ వస్తున్నా,” అంటూ తల్లి పూలగుత్తితో సహా వెంటపడింది. చిట్టి ఆగలేదు. ఆ కాళ్ళతో అంత వేగంగా నడవగలదని నేనెప్పుడూ అనుకోలేదు.