నీలిమందు చుక్కల గోడ

పాతనగరంలో పాత ఇళ్ళను ఫొటోలతో కొలవడం నా పని. గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా అడుగడుగునా ఫొటో తీసుకుంటూ పోతాను. ఒక ఫొటోలో పడింది పక్క ఫొటోలోనూ సగానికి పైగా పడాలి. అవన్నీ ద్వారకా నగర్‌లోని మా గదికి తెచ్చి కంప్యూటర్‌కిస్తే, ఈ ఫొటోలోని మరకను ఆ ఫొటోలో వెతికి పట్టుకుని, దూరం లెక్కగట్టి, గోడను తెరమీద మళ్ళీ నిలబెడుతుంది. ఏటా వానలు వెళ్ళాక అదే ఇంటికి వెళ్ళి అలాగే తీస్తాను. రెండేళ్ళ గోడల్నీ ఒకదాని మీద ఒకటి పెడితే ఏది కదిలిందో తెలిసిపోతుంది. దీన్ని ఫొటోగ్రామెట్రీ అంటారు. కూర్మన్నపాలెంలో మావాళ్ళ దృష్టిలో మాత్రం నేను స్టూడియో పెట్టుకోలేకపోయిన ఫొటోగ్రాఫర్ని.

హార్బరు వైపు వీధిలో ఒక ముస్లిం కుటుంబం ఇల్లుంది. కొడుకు నా ఈడువాడే, పడవలకి తాళ్ళు అమ్మే కొట్టు నడుపుతాడు. తల్లి ఇంటికి పెద్ద. మొదటి ఏడాది కెమెరాతో వెళ్ళేసరికి ఇద్దరూ సముద్రం వైపు వీధిగోడ దగ్గరే పోట్లాడుకుంటున్నారు.

"గోడ ఒంగిపోతంది బావా. పిల్లలున్న ఇల్లు. గాజువాకలో ఫ్లాట్ సూసాను, అమ్మ రానంతంది," అన్నాడు కొడుకు, నన్ను చూడగానే వరస కలిపేసి.

"ఒంగిపోతందేటి? నాను కోడలిగా వచ్చినప్పుడే అలాగుండీది. దాని తీరే అంత," అంది ఆవిడ.

నా పని గురించి చెప్పడం నా పొరపాటో ఏమో, ఇద్దరూ నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఏడాది చూద్దామనుకున్నారు. గోడ కదిలితే ఇల్లు ఖాళీ చేస్తారు. కదలకపోతే కొడుకు మళ్ళీ గాజువాక ఊసెత్తకూడదు. పిల్లల పక్కలు ఆ రోజే వెనక గదిలోకి మార్చేశారు. నేను నాచుతో, చిరిగిన పోస్టర్లతో, ఉప్పుగాలికి పెచ్చులూడిన ఆ గోడను ఫొటోలు తీసుకుని వచ్చేశాను. నా పనికి అంతకన్నా మంచి గోడ దొరకదు.

రెండో ఏడాది వెళ్ళి చూస్తే ఇల్లు మల్లెపువ్వులా ఉంది.

"ఫొటో తీత్తావని రంజాన్‌కి కొట్టించీ సున్నం ముందే కొట్టించీసాను బాబూ. పోయినేడు ఎంత మురిగ్గా ఉందో! నాకు సిగ్గేసింది," అంది ఆవిడ. ముఖం వెలిగిపోతోంది.

ఓరి దేవుడా అనుకున్నాను. టీ ఇచ్చారు, తాగాను, ఫొటోలు తీసుకున్నాను. గదికి వచ్చి చూస్తే అనుకున్నంతా అయింది. తలుపులొచ్చాయి, కిటికీలొచ్చాయి, వీధి మొత్తం వచ్చింది. గోడ ఉండాల్సిన చోట పెద్ద కన్నం. మరకే లేని తెల్లదనంలో కంప్యూటర్‌కి పట్టుకోడానికి ఏమీ దొరకలేదు.

మర్నాడు వెళ్ళి సంగతి చెప్పాను. గోడంతా ఏవైనా గుర్తులు పెట్టాలన్నాను.

"ఇంత తెల్లగా కొట్టిత్తే మరకలేత్తావా? మతుండే మాటాడతన్నావా?" అని ఆవిడ నామీద విరుచుకుపడింది.

"పోనీలే అమ్మా, గాజువాక ఎళ్ళిపోదుం," అన్నాడు కొడుకు, అదను చూసి.

ఆవిడ విసవిసా లోపలికెళ్ళి బకెట్టులో నీలిమందు చిక్కగా కలిపి తెచ్చింది. చీపురు ముంచి, చేతికందినంత మేర తనే గోడమీద చల్లింది. పైభాగానికి స్టూలు వేయించుకుని మరీ చల్లింది. ఎదురింటావిడ గుమ్మంలోకొచ్చి, "ఏటప్పా, హోలీ ఆడతన్నావా?" అని నవ్వింది. "గోడ కదల్లేదని రుజువు సేత్తన్నాను," అంది ఈవిడ, చీపురు విదిలిస్తూ. ఆరేదాకా ఆగి మళ్ళీ ఫొటోలు తీశాను.

ఈసారి గోడ వచ్చింది, చుక్కలతో సహా. పోయినేటి గోడ మీద పెట్టి చూశాను. సున్నం మందం ఏపాటిది, కాగితమంత. గోడ కింద కదల్లేదు. పైన మాత్రం వీధి వైపు జరిగింది. ఎదురింటి రాతి అరుగు రెండేళ్ళలోనూ ఒకేచోట ఉంది కాబట్టి తప్పు నా లెక్కలో లేదు. ఉంటే బాగుండునని ఇంకోసారి కూడా చేసి చూశాను. అదే వచ్చింది.

వెళ్ళి గోడ జరిగిందని చెప్పాను. "ఎంత?" అని అడిగింది ఆవిడ. నా బొటనవేలు వెడల్పు చూపించాను. ఆవిడ తన బొటనవేలు దాని పక్కన పెట్టి చూసుకుంది.

"ఇంతేనా? ఇంతకే ఇల్లొదిలీయాలా?"

కొడుకు తలొంచుకున్నాడు. గెలిచినవాడిలా లేడు. నాకు చాలా బాధేసింది. అయినా కదిలిందాన్ని కదల్లేదని ఎలా చెప్పను? ఆవిడ మాట తప్పే మనిషి కాదు. ఆ నెలలోనే సామాను గాజువాక చేరింది. తర్వాత గోడ దింపేశారు, దాంతో పాటు మిగతా ఇల్లూ పోయింది.

ఆ మధ్య తల్లీకొడుకులు మా గదికి వచ్చారు. కొత్తింట్లో గోడకి పెట్టుకోడానికి పాతింటి బొమ్మ కావాలట. ముందు మొదటి ఏటిది చూపించాను. అదే అడుగుతుందనుకున్నాను, గోడ ఇంకా జరగకముందుది కదా.

"ఛీ ఛీ, తియ్యి. నాచు పట్టీసి, ఆ పోస్టర్లూ అదీనూ," అంది.

రెండోది తెరిచి, ఇల్లు మెల్లగా తిప్పాను. ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుంది.

"ఇదియ్యి బాబూ. ఒంగితే ఒంగింది గానీ, ఇల్లు ఇల్లులాగుంది."

"నీలం చుక్కలు తీసేసి ఇమ్మంటారా అమ్మా? బొమ్మలో తీసేయడం పెద్ద పని కాదు," అన్నాను.

ఆవిడ తెరమీద చుక్కల్ని కాసేపు చూసింది.

"ఒద్దు. ఉండనీ," అంది. "అవి నానే సల్లాను గదా."