వరుస ముందు ఖాళీ

మా తాతలు చెరకు పనికి వచ్చి స్థిరపడ్డ ఈ దీవిలో, నవాకా అనే ఊళ్లో మా పక్కింటి మామ పోయారు. పొద్దున్నే చెరకు తోటలో కూలబడ్డారు, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

మా చుట్టుపక్కల తెలుగు పాటలు వచ్చిన పెద్దవాళ్లు తగ్గిపోతున్నారని ఆయన ఇంటింటికీ వెళ్లి, ప్రతి పాట ముందు పాడేవాళ్ల పేరు తన గొంతుతో చెప్పి, వాళ్ల గొంతులు రికార్డు చేసేవారు. ఒకావిడ పాడుతూ ఏడ్చిన పాటను ఎవరో ఫోన్లలో పంచారు. ఆమె మళ్లీ నోరు విప్పలేదు. అప్పటినుంచి మామ, ఇక ఎవరి చేతికీ చిక్కనివ్వనని పాడినవాళ్లకు మాట ఇచ్చి, పాటలన్నిటికీ కంప్యూటర్లో తాళం వేశారు. మా అమ్మ జోలపాట అందులోనే ఉంది.

పాట తెరవడం నాకు చూపించారు. నల్ల తెర మీద ఒకే వరుసలో ముందు తాళపు మాట, అంటే పాస్‌వర్డ్, వెనకే పాటను తెరిచే ఆదేశం. అలా ఇస్తే ఆ మాట ఆ ఒక్క ఆదేశానికే తెలుస్తుంది, పని కాగానే పోతుంది. వరుస మొదట్లో ఒక ఖాళీ వదిలితే, కంప్యూటర్ దాచుకునే పాత ఆదేశాల జాబితాలో కూడా ఆ వరుస చేరకుండా అమర్చుకున్నారు. అసలు మాట కొట్టే ముందు మాత్రం పక్కన ఎవరున్నా "కిటికీ చూడు" అనేవారు.

నేను రోజువారీ ఖర్చులు రాసుకుంటానని ఆయనకు నవ్వు.

"నువ్వు ఉప్పు కొన్నా రాస్తవ్ అల్లుడూ. ఈ మాట మాత్రం రాసేది కాదు, చెప్పేది కాదు."

"మీకేమన్నా అయితే ఎట్లా మామా?"

"కుచ్ నై హోఈ, ఏం కాదు. తాగు," అని కొబ్బరి చిప్పలో యాంగోనా వేరు కలిపిన మత్తు నీళ్లు చేతికిచ్చారు. తాగేశాను. మళ్లీ అడగలేదు.

పదమూడో రోజు కర్మ అయ్యాక అత్త నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. "నీకు నేర్పిండు కదా. ఆయన గొంతు ఒక్కసారి పెట్టు."

అత్త పేరు కొట్టాను. వాళ్ల ఆవు పేరు కొట్టాను. ఆయన పనిచేసిన మిల్లు ఊరు కొట్టాను. ప్రతిసారీ అదే జవాబు: తెరవడం కుదరదు.

"ఇంకోటి చూడు అల్లుడూ."

"నాకు తెలీదు అత్తా."

"నువ్వు అన్నీ రాస్తవ్ కదా?"

అది మాత్రం రాయలేదు. ఇది చదివే మీలో ఎవరితోనైనా ఆయన ఆ తాళపు మాట అని ఉంటే మా ఇంటికి రండి. అని ఉంటారన్న నమ్మకం నాకు లేదు. ఆయన మాట ఇచ్చారు, నిలబెట్టుకున్నారు.

అత్త లేవలేదు. చేసేదేమీ లేక మళ్లీ వరుస ముందు ఒక ఖాళీ కొట్టాను. నా వేళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆమె మాత్రం, ఇన్నేళ్ల అలవాటుగా, మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది.