మఠంపల్లి అనే ఇంటిపేరు

మా అమ్మాయి కోదాడ అబ్బాయిని చేసుకుంటానంది. కులం ఒక్కటే, పిల్లాడు బుద్ధిమంతుడు, ఉద్యోగం ఉంది. అన్నీ కుదిరాయి, ఒక్క ఇంటిపేరు తప్ప. వాళ్లదీ మఠంపల్లే, మాదీ మఠంపల్లే. మాదంటే మా ఆయన వాళ్లది. నేను పుట్టింటి పేరు వదిలేసి దీన్ని తగిలించుకున్నదాన్ని. ఇప్పుడది నా మెడకే చుట్టుకుంది.

మా మామగారి అన్న మిర్యాలగూడలో ఉంటాడు. ఆ పెద్దమామ సరే అనందే మా ఇళ్లలో పెళ్లి ముహూర్తం పెట్టరు. నేనూ మా ఆయనా సూర్యాపేటలో బస్సెక్కి వెళ్లి సంగతి చెప్పాం. కూర్చోమని కూడా అనలేదు.

"ఇంటిపేరు ఒక్కటైతే పాలోళ్లు, ఒక్క రక్తం. పోరడు అన్న అయితడు. అన్నకు చెల్లెనిస్తరా? నీకేమన్న సోయి ఉన్నదా కోడలు పిల్లా?"

"పాలోళ్లని ఎట్ల చెప్తరు మామా? వాళ్ల తాత ఎవరో మీకు తెలుసా?"

"తాత ఎందుకు? ఇంటిపేరు తెలుసు, సాలదా?"

మా ఆయన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. పెద్దవాళ్ల ముందు ఆయనకు నోట్లో నాలుక ఉండదు.

ఒళ్లు మండి మఠంపల్లికే వెళ్లాను. అక్కడ ఆ ఇంటిపేరున్న గడప ఒక్కటి దొరికితే ఒట్టు! ఊళ్లో ఉన్నవాణ్ణి ఊరిపేరుతో ఎవడు పిలుస్తాడు? అరుగు మీది ముసలమ్మ నన్ను చూసి నవ్వింది.

"ఊరిడిసి పోయినోళ్లందరు మఠంపల్లోళ్లే బిడ్డా. గొర్లు తోలుకపోయినోళ్లు, కూలికి పోయినోళ్లు, అందరు. అండ్ల పాలోళ్లెవరో పరాయోళ్లెవరో ఎవరికెరుక?"

మా వాళ్లు గొర్రెలతో గరిడేపల్లి వైపు వచ్చారు, అబ్బాయి వాళ్లు కోదాడ వైపు పోయారు. వెళ్లిన చోటల్లా జనం వచ్చిన ఊరి పేరే తగిలించారు. అసలు ఇంటిపేరేదో రెండిళ్లలో ఒక్కరికీ గుర్తులేదు. ఆ గుర్తులేని దాన్ని పట్టుకుని నా బిడ్డ పెళ్లి ఆపుతారట!

మళ్లీ మిర్యాలగూడ వెళ్లి ఒక్కటే అడిగాను. "పాలోళ్లింట్ల సావైతే మైల పడ్తరు గదా మామా. కోదాడోళ్లింట్ల ఎవరన్న పోతే మనం ఎన్నడన్న స్నానాలు చేసినమా? మనింట్ల పోతే వాళ్లు చేసిండ్రా?"

తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"లేదు," అన్నాడు. "సరే, ఇగ కానియ్యుండ్రి."

తిరుగు బస్సులో మా ఆయన నవ్వడం చూశాను. నేనైతే పెళ్లి చీరల గురించి కూడా మాట్లాడాను.

ఆ వారమే కోదాడలో అబ్బాయి నాయనమ్మ పోయింది. కబురు తెలిసి మా పెద్దమామ ఏం చేశాడనుకున్నారు? నెత్తిన నీళ్లు పోసుకుని, ఇంటిల్లిపాదికీ పోయించి, మైల పట్టామని మాకు ఫోన్ చేశాడు!

"అయ్యో, ఏం పని చేసిండ్రు మామా! మైల పడితే పాలోళ్లమని ఒప్పుకున్నట్టేగా?"

"మనింటిపేరోళ్లు పోయిండ్రంటే ఊకె ఉంటమా?" అని, అప్పుడు తట్టిందాయనకు. "గట్లయితే ఇగ పెండ్లి ఖతం. దాయాదులమని లోకానికి మనమే చెప్పినట్టాయె."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ నాయనమ్మ బతికుండగా ఈయన ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. నేను ఫోన్లో అరుస్తుంటే మా అమ్మాయి చెప్పులేసుకుంది. ఎక్కడికే అంటే, కోదాడ అంది. తాళం కూడా వేయకుండా నేనూ వెంటపడ్డాను.

అక్కడ వాకిట్లో చాపల మీద ఆ ఇంటి ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అబ్బాయి మేనత్త మా అమ్మాయిని ఎగాదిగా చూసింది.

"ఎవరమ్మాయివమ్మా? మీ ఇంటిపేరేంటి?"

"మఠంపల్లి."

"అయితే మా పాలివాళ్ల పిల్లవా?"

మా అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"కాదత్తమ్మా," అంది. "ఈ ఇంటి కోడల్ని."

అబ్బాయి తల్లి తలెత్తి చూసింది. చాప మీద కాస్త పక్కకు జరిగి, దానికి చోటిచ్చింది.