పూజలో పెట్టిన ల్యాప్‌టాప్

యంత్రాలంటే నాకు భయం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీద చెప్పేదంతా భయం గురించే.

ఆ రోజుల్లో మేము శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్ళే రోడ్డు పక్కన, రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నేను, మా అత్త. పగలు ఒక ప్రైవేటు బడిలో తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. సాయంత్రాలు ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద నాలుగైదు బళ్ళకు ప్రశ్నపత్రాలు టైపు చేసి పంపేదాన్ని. అందుకోసమే ల్యాండ్‌లైన్ ఫోనుకు ఇంటర్నెట్ పెట్టించాను. మోడెమ్ వేడెక్కితే ఎంతసేపు ఆపాలో, వానొస్తే ఏ తీగ కదపాలో నాకు కొట్టిన పిండి. బడిలో కంప్యూటర్ మొరాయిస్తే మాస్టర్లు నన్నే పిలిచేవాళ్ళు. పిలిచి, పక్కన నిలబడి నాకే సలహాలు చెప్పేవాళ్ళు.

మా ఆయన చేపల వేటకు గుజరాత్ వెళ్ళేవాడు. మా తీరంలో మగవాళ్ళు సగం మంది అంతే. ఆగస్టులో రైలెక్కితే మళ్ళీ ఎండాకాలానికే ఇల్లు. అక్కడి బోటు సముద్రంలోకి పోయిందంటే పదిహేను రోజులో, ఇరవై రోజులో. రేవుకు తిరిగొచ్చిన రోజున ఫోను చేస్తాడు. ఆ మధ్యలో మనిషి ఉన్నాడో లేడో తెలుసుకునే దారి నాకు ఉండేది కాదు. మా మామ అయితే అంత దూరం కూడా వెళ్ళలేదు. సొంత ఊరి ఒడ్డు నుంచి తెల్లారకుండా వేటకు వెళ్ళాడు. తెప్ప ఒక్కటే ఒడ్డుకొచ్చింది. అప్పటికి పద్నాలుగేళ్ళయింది ఆ మాటకి.

అందుకే నాకు ప్రభుత్వ బడిలో టీచరు పోస్టు కావాలి. ఆ ఏడాది పోస్టులు పడ్డాయి. ఇంకొక్క ఏడాదైతే నా వయసు దాటిపోతుంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కుతూ మా ఆయన అన్న మాట ఒక్కటే. “నీకా ఉద్యోగం వస్తే నేను మరి బోటెక్కనే.” నాకు జీతం మీద, పెన్షన్ మీద పెద్ద ఆశ లేదు. ఆ మాట మీద ఉంది.

అంత కావాలనుకున్నదాన్ని ముందుగానే దరఖాస్తు చేశానా అంటే, లేదు. పదిరోజులుగా తోటి టీచర్ల దరఖాస్తులన్నీ నా చేత్తోనే నింపాను. నాది మాత్రం రేపు, ఎల్లుండి అనుకున్నాను. మొదట కాలేజీ నుంచి ఒక సర్టిఫికెట్ రాలేదు. అది వచ్చాక, గడువు వారం పెంచారని బడిలో ఎవరో అన్నారు. నేను నమ్మాను. నాకు కావలసిన అబద్ధం కనుక వెంటనే నమ్మాను. ఇలాంటప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మహర్నవమి వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు పనిముట్లకు పూజ. ముందుగదిలో అమ్మవారి పటం కింద పీట వేసి, దాని మీద మా ఆయన వల అల్లే చెక్క సూది, మా అత్త చేపల కత్తిపీట, ఆమె తక్కెడ, నా ల్యాప్‌టాప్ వరసగా పెట్టాం. బొట్లు పెట్టేది నేను. మా అత్త కుంకుమ ముట్టదు. దూరంగా గోడకు ఆనుకుని కూర్చుని, ఎక్కడ పెట్టాలో చెబుతుంది. సూదికి ఒకటి, తక్కెడ పళ్ళేలకు చెరొకటి. ల్యాప్‌టాప్ దగ్గరకొచ్చేసరికి ఆమెకూ అనుమానం వచ్చింది.

“అది ఎటునుంచి తెరుస్తావే?” అంది.

ముందంచు చూపించాను.

“అయితే అదే దాని గడప. గడపకి రాసినట్టే రాసీ.”

గడపకు రాసినట్టే, తడి పసుపు బొటనవేలితో ఆ అంచు పొడవునా ఒక్క ఊపున ఎడమ నుంచి కుడికి రాశాను. దాని మీద వరసగా అయిదు కుంకుమబొట్లు పెట్టాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

పూజలో పెట్టినవి మర్నాడు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. అది అందరిళ్ళలోనూ ఉన్నదే. మా అత్తది ఇంకొకటి ఉంది. మగవాడు నీటి మీద ఉండగా ఇంట్లో పెట్టిన బొట్టు మనం తుడవకూడదు. దానంతట అది రాలిపోవాలి, లేకపోతే అతను తిరిగి రావాలి. నేను ఎమ్మే చదివాను. పెళ్ళయిన కొత్తలో ఇది విని లోపల నవ్వుకున్నాను కూడా. కానీ ఆయన బోటెక్కిన మొదటి ఏడాదే ఆ నవ్వు పోయింది. అప్పటినుంచి ఒక్క బొట్టూ తుడవలేదు.

మధ్యాహ్నం రెండున్నరకు తోటి టీచరు ఫోను చేసింది. పండగ శుభాకాంక్షలు చెప్పి, మాటల్లో మాటగా, “గడువు పెంచలేదంట కదా, ఇయాల అయిదింటితో సైటు మూసేస్తారంట. మీది ఎప్పుడో అయిపోయుంటాది లెండి,” అంది.

బజారులో నెట్ సెంటర్లన్నీ పూజ చేసుకుని, గుమ్మడికాయ కొట్టి, షట్టర్లు దించేసి ఉంటాయి. ఆ కాలంలో నా చేతిలో ఉన్నది మీటల ఫోను. మిగిలింది పీట మీది ల్యాప్‌టాప్ ఒక్కటే.

మా అత్తకు చెప్పాను. “ఉద్వాసన కాకుండా తీస్తావేటి?” అంది. తర్వాత నా మొహం చూసి, “బొట్టు సెదరకుండా తియ్యి. ఆడు నీటి మీద ఉన్నాడు,” అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

పసిపిల్లను ఎత్తినట్టు రెండు అరచేతుల మీద ఎత్తి బల్ల మీద పెట్టాను. పక్క అంచులు పట్టుకుని మూత తెరిచాను. తెర వెలిగింది. నెట్ మాత్రం రాలేదు. కిందమూల ఎప్పుడూ ఉండే గీతల మీద ఎర్ర ఇంటూ గుర్తు ఉంది. ముందురోజు రాత్రి దాకా బాగా పనిచేసిన వస్తువు. మోడెమ్ ఆపి వేశాను. ల్యాప్‌టాప్ ఆపి వేశాను. మళ్ళీ మోడెమ్. ఎర్ర ఇంటూ అక్కడే ఉంది. అప్పుడే మనసులోకి ఒక మాట వచ్చి కూర్చుంది: అమ్మవారి ముందు నుంచి ఎవరు తీయమన్నారు నిన్ను? నోరుముయ్యమని దాన్ని గట్టిగానే కసిరాను. పైకే కసిరినట్టున్నాను, మా అత్త పెరట్లోంచి “ఏటి?” అని అరిచింది.

బొబ్బిలిలో మా అక్క భర్త కంప్యూటర్లు బాగుచేస్తాడు. మా బావకు ఫోను చేశాను. గడియారం మూడుంబావు చూపిస్తోంది.

“ఓలె మరదలా, పండగ పూటా పనేనేటి? మోడెమ్ మీద లైట్లు ఎలుగుతన్నాయా?” అన్నాడు.

“అన్నీ ఎలుగుతన్నాయి బావా.”

“నెట్‌వర్కు పేరు కనబడతందా?”

“లేదు.”

“పక్కింటోల్లదైనా?”

“ఎవరిదీ లేదు. ఖాళీ.”

“అయితే మోడెమ్ తప్పు కాదు, లేపుటాపుదే. పోనీ వైర్‌లెస్ ఒదిలీ. మోడెమ్‌తో పసుపురంగు తీగొకటి ఇస్తారు. అది ఇందులోకీ అందులోకీ గుచ్చేస్తే పనైపోద్ది.”

ఆ తీగ ఎక్కడుందో నాకు తెలుసు. గట్టిగా ఉందని మా అత్త దాన్ని మూడు ముక్కలు చేసి, తన చేపల తట్ట చెవులు బిగించుకుంది. ఆ సంగతి చెబితే బావ పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. “నవ్వకు బావా, అయిదింటికి మూసేస్తారు,” అన్నాను.

బావ నవ్వు ఆపాడు. ఒక్కొక్కటే చెప్పి చేయించాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి ఒకటి తీయించాడు, మళ్ళీ పెట్టించాడు. ప్రతిసారీ ల్యాప్‌టాప్ ఆగి, మళ్ళీ లేచి, వెలగడానికి పది నిమిషాలు. అలా మూడుసార్లు. అరచేతుల చెమటకు బొట్లు తడుస్తాయేమోనని చేతులు చీరకు తుడుచుకుంటూ కూర్చున్నాను. నాలుగు దాటింది.

“ఆగు, ఆగు,” అన్నాడు బావ. “నీది పాత మోడల్ కదా. ముందర అంచుకి, సేతులు ఆనే కాడ, గోరుతో జరిపే బుల్లి మీట ఉంటాది సూడు. అటు జరిపితే వైర్‌లెస్ ఆగిపోద్ది, ఇటు జరిపితే వస్తాది. అది జరిగిపోనాదేమో.”

తల వంచి చూశాను. అంచు పొడవునా పసుపు ఎండి గట్టిపడి ఉంది. మూడో బొట్టు కింద చిన్న ఉబ్బు. ఎడమ నుంచి కుడికి బొటనవేలితో నేనే జరిపాను. దాని మీద పసుపు, పసుపు మీద కుంకుమ. గోరుతో గీకితే చాలు.

గోరు అక్కడిదాకా వెళ్ళింది. ఆగిపోయింది.

ఆయన సముద్రంలోకి వెళ్ళి ఆ రోజుకు పదకొండు రోజులు. ఇంకా ఎన్ని రోజులో తెలీదు. ఆ బొట్టు తుడిస్తే ఆయనకేదో అవుతుందని నేను నమ్మానా? నమ్మలేదు. తుడవగలిగానా? లేదు. రేపు ఏదైనా కబురు వస్తే, జీవితమంతా ఈ వేలు చూసుకుంటూ బతకాలి. అతన్ని సముద్రం నుంచి ఇంటికి తెచ్చే కాగితం ఒకవైపు. అతను సముద్రం మీద ఉండగా తుడవకూడని బొట్టు ఇంకోవైపు. రెండూ ఒక్క అంగుళం మేర అంచులో ఇరుక్కున్నాయి.

“కనబడిందా?” అన్నాడు బావ.

“లేదు బావా. ఏటీ లేదు,” అన్నాను.

“అయితే లోపల పార్టేదో పోనాది. ఎల్లుండి ఓపాలి బొబ్బిలి తెచ్చీ, సూస్తాను.” పాపం, ఆయన నిజంగానే బాధపడ్డాడు. ఫోను పెట్టేశాను.

అబద్ధం చెప్పిన సిగ్గు కూడా తట్టనంత భయంగా ఉంది. చెయ్యి బల్ల మీద పెట్టి, ఆ బొట్టును చూస్తూ కూర్చున్నాను. నాలుగుంబావు. గుడి వైపు వెళ్ళే ఆటోలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి.

మా అత్త ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. “మీ బావేటన్నాడు?” అంది.

ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను. బొట్టు కింద మీట ఉందని, అది జరిపితే వస్తుందని చెప్పాను.

ఆమె దగ్గరకొచ్చి వంగి చూసింది. “ఈ ఉజ్జోగమొస్తే ఆడు బోటెక్కడం మానేస్తాడా? నిజంగానేనా?”

“మానేస్తానన్నాడు అత్తా.”

“నాతో అన్లేదు.”

“నాతో అన్నాడు. రైలెక్కేటప్పుడు.”

ఆమె నా ముందున్న ల్యాప్‌టాప్‌ను తనవైపు లాక్కుంది. “నువ్వు ముట్టకు,” అంది. “నువ్వు తుడిస్తే ఆడికి. నాది తుడిసీసి పద్నాలుగేల్లయింది. నన్నింకేటి సేస్తాది? నాకేటి భయం?”

పద్నాలుగేళ్ళుగా కుంకుమభరిణె పక్కకు కూడా జరపని మనిషి, చీర కొంగు చివర నోటితో తడిపి, ఆ అంచు తుడిచింది. ఒక్క బొట్టు తుడిస్తే సరిపోయేది. అయిదూ తుడిచింది. పసుపు గోరుతో గీకింది. చేపల పొలుసు గీకి గీకి అరిగిన గోరు అది. సన్నటి నల్లటి మీట బయటపడింది. “ఇదేనా? ఎటు?” అంది. చూపించాను. జరిపింది. ల్యాప్‌టాప్ మీద నారింజరంగులో ఉన్న చిన్న లైటు నీలంగా మారింది. ఒక్క నిమిషంలో మా నెట్‌వర్కు పేరు, పక్కింటివాళ్ళది, ఎదురింటి డాక్టరుగారిది, అన్నీ తెర మీదకు వచ్చాయి.

ఊరందరి దరఖాస్తులు నింపిన చేతులే గనుక నాది త్వరగానే అయింది. అయిదుకు పదకొండు నిమిషాలుండగా నంబరు వచ్చింది. ఆ నంబరును చేతి మీద రాసుకున్నాను, పుస్తకంలో రాసుకున్నాను, క్యాలెండరు వెనక కూడా రాసుకున్నాను. వెనక్కి తిరిగేసరికి మా అత్త గదిలో లేదు. బావి దగ్గర కొంగు ఉతుకుతోంది.

ఆ తర్వాత రోజులు బాగా గడిచాయని చెప్పలేను. ల్యాండ్‌లైన్ మోగితే ఇద్దరం లేచేవాళ్ళం. ఏ బడివాళ్ళో ప్రశ్నపత్రం అడగడానికి చేస్తే, నేను వాళ్ళ మీద విసుక్కునేదాన్ని. మా అత్త చేపలు అమ్మడానికి వెళ్ళడం మానేసింది. మోకాళ్ళ నొప్పి అంది. ఫోనున్న బల్ల పక్కనే చాప వేసుకుని, పగలంతా అటు తిరిగి పడుకునేది. అన్నం పెడితే నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసేది. నిజంగా మోకాళ్ళేననుకున్నాను. అన్నీ తెలిసినట్టు మాట్లాడే నాకు, కళ్ళెదుట మనిషిని చూడ్డం మాత్రం రాలేదు. నా భయమొక్కటే నాకు కనబడుతోంది.

తొమ్మిదో రోజు పొద్దున ఫోను మోగింది. నేను పొయ్యి దగ్గరున్నాను. ఎప్పుడూ ఆ ఫోను ముట్టని మా అత్తే ఎత్తింది. తలకిందులుగా పట్టుకుంది. నేను పరిగెత్తి వెళ్ళి సరిగా పెట్టాను.

“ఒరే, నువ్వేనేటి?” అంది. అవతల ఆయన ఏదో అన్నాడు. “ఒరే, నువ్వేనేటిరా?” అంది మళ్ళీ. మూడోసారి కూడా అదే అడిగింది. ఇంకేమీ అడగకుండా ఫోను నా చేతికిచ్చి, చాప మీద కూలబడిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆయన రేవు నుంచి మాట్లాడుతున్నాడు. చేపలు బాగా పడ్డాయట, తిండి బాగుందట. నేను ఊ కొడుతూ ఆమెనే చూస్తున్నాను. ఫోను పెట్టేసి ఆమె పక్కన కూర్చున్నాను. “నాకేటి భయం అన్నావు కదా అత్తా,” అన్నాను, మెల్లిగా.

ఆమె కొంగు తీసి నావైపు చూసింది.

“ఆడు నా కొడుకు గదే,” అంది.