నాంచారమ్మ భుజం చూడ్డానికి

మే నెల ఎండల్లో నేను నూజివీడు వెళ్ళింది అచ్చంగా కుళ్ళుతో. ముందే చెప్పేస్తే నాకూ తేలిక, చదివేవారికీ తేలిక.

నాకు అరవై తొమ్మిదేళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. డిసెంబరులో కుడి భుజం పట్టేసింది. జడ సంగతి దేవుడెరుగు, జాకెట్టు తొడుక్కోవడానికే పావుగంట. ఏలూరు ఆస్పత్రిలో ఫిజియోథెరపీకి వెళ్తే, అక్కడికే నాంచారమ్మ అని నా ఈడు మనిషి వచ్చేది. నూజివీడు దగ్గర మామిడి తోటల్లో కూలికి వెళ్తుంది. ఆవిడకీ అదే జబ్బు, అదే భుజం. చలికాలమంతా ఏలూరులోనే కూతురింట్లో ఉండి వైద్యం చేయించుకుంది. మా టైములు వేరు కాబట్టి గుమ్మంలో ఎదురుపడటం తప్ప మాటల్లేవు. కానీ ఫిజియో అమ్మాయి రోజూ అదే పాట పాడేది: “నాంచారమ్మ గారిని చూసి నేర్చుకోండి మేడమ్, చెయ్యి చెవి దాకా లేపేస్తున్నారు.” కోతలు మొదలవగానే ఆవిడ పనిలో కూడా చేరిపోయిందట. నా చెయ్యి భుజం ఎత్తు దాటితే ఒట్టు.

ఆవిడకి అసలు నొప్పే లేదని నా అనుమానం. అది కళ్ళారా చూసొచ్చి, నిజంగా నొప్పున్నవాళ్ళకి ఈ వైద్యం పనికిరాదని తేల్చేసుకుని, సోమవారం నుంచి మానేద్దామని ప్లాను. తోట ఎక్కడో ఆవిడ కూతుర్ని అడిగి తెలుసుకున్నాను. మా ఆయనకి మాత్రం పళ్ళు కొనడానికని చెప్పాను.

శనివారం ఆరున్నరకి విజయవాడ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టారు. పక్కసీటావిడ నన్ను కాసేపు చూసి, “చెయ్యెందుకండీ అట్టా పొట్టకి అదుముకున్నారు?” అంది. “ఏం లేదమ్మా, అలవాటు” అన్నాను. ఏడుంబావుకి హనుమాన్ జంక్షన్‌లో దిగి రెండిడ్లీ తిని, టీ తాగి, ఎనిమిదింటికి నూజివీడు బస్సు పట్టుకున్నాను. దారంతా మామిడికాయల ట్రేలు పేర్చిన లారీలే. నూజివీడులో దిగి, రెడ్డిగూడెం వైపు వెళ్ళే షేరాటో ఎక్కితే ముప్పై రూపాయలు. మీరు వెళ్తే గొడుగు మర్చిపోకండి.

తోటలోకి అడుగుపెట్టేసరికి తొమ్మిదిన్నర. మగవాళ్ళు చిక్కం కట్టిన గడలతో కాయలు దింపుతున్నారు. ఆడవాళ్ళు వాటిని ఏరి, ట్రేల్లో నింపి, నెత్తిన పెట్టుకుని షెడ్డుకి మోస్తున్నారు. నాంచారమ్మ రెండు చేతులూ పైకెత్తి నిండు ట్రే పట్టుకుని నడిచొస్తోంది. చూశావా, నొప్పిలేని మనిషని అనుకున్నాను.

అంతలో ఆవిడ తోట అదిరిపోయేలా అరిచింది. “ఓరి దేవుడోయ్! చచ్చాన్రోయ్!”

నేను పరుగెత్తబోయాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళెవరూ కంగారు పడలేదు. “ట్రే దించి చావవే!” అని నలుగురూ ఒక్క గొంతుతో అన్నారు. ట్రే దించింది. ఇంకొకావిడ నడుం పట్టుకుని “అమ్మా, నా నడుమో!” అంటే, “నీ నడుం నీ మొగుడు కూడా మర్చిపోయాడే!” అని నాంచారమ్మే బదులిచ్చింది. ఎవరు అరిచినా ఎవరో ఒకరు బదులివ్వాల్సిందే. పొద్దుణ్ణుంచీ వాళ్ళకి అదే వరస.

నాంచారమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోయింది. “టీచరు గారా! మీరేంటండీ ఇక్కడ?”

“పళ్ళకి” అన్నాను.

పన్నెండింటికి చెట్టుకింద కూర్చున్నాం. నాకు మామిడికాయ పప్పూ అన్నం పెట్టింది. “భుజం తగ్గిపోయిందా?” అని అడిగేశాను.

“తగ్గడమేంటండీ! ఈ పక్కకి తిరిగి పడుకుంటే ప్రాణం పోద్ది. మీకు లేదుగా, అదృష్టవంతులు.”

“నాకు లేదని ఎవరన్నారు?”

“ఆ ఫిజియోమ్మే. నేను కేకలేస్తుంటే రోజూ మిమ్మల్నే చెప్పేది. ‘టీచరు గారిని చూడు, కిక్కురుమనరు’ అని. ఏమీ అనుకోకండి, మిమ్మల్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేదండీ.”

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి చల్లటి మజ్జిగ తాగినట్టయింది. నన్ను చూసి కూడా ఒకరు కుళ్ళుకున్నారు! ఆ సంతోషంలోనే, “నాకూ ఉంది. చాలా ఉంది. ఎవరికీ చెప్పను, అంతే” అన్నాను.

ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయింది. “ఇంట్లో అయ్యగారికి?”

“చెప్పను.”

“అమ్మో! మరెట్టా ఓర్చుకుంటున్నారండీ?”

తిండి కాగానే వాళ్ళు మళ్ళీ ట్రేలెత్తారు, మళ్ళీ కేకలు, మళ్ళీ తిట్లు, నవ్వులు. నేను గొడుగు కింద కూర్చుని చూస్తూంటే పొద్దుటికంటే ఎక్కువ కుళ్ళొచ్చింది. ఆ భుజాన్ని చూసి ఏడవడం అప్పుడే మర్చిపోయాను. ఓర్పుగల ఇల్లాలని నలభై ఏళ్ళు పేరు మోసి నేను బావుకున్నదేంటి?

రెండున్నరకి బయల్దేరాను. డజను చిన్న రసాలు సంచిలో వేసి, డబ్బులిస్తే తీసుకోలేదు. హనుమాన్ జంక్షన్‌లో ఏలూరు బస్సు కిక్కిరిసి ఉంది. ఎక్కేటప్పుడు ఎవరిదో బ్యాగు సరిగ్గా భుజానికే తగిలింది. కళ్ళు బైర్లు కమ్మినా పళ్ళు బిగబట్టి సీటు చూసుకున్నాను. సీట్లో కూలబడ్డానో లేదో మా ఆయన ఫోను.

“బయల్దేరావా? చెయ్యెలా ఉంది?”

రోజూ అడుగుతారు, పాలొచ్చాయా అన్నట్టు. రోజూ పర్లేదంటాను. ఆ పూట అలా అనడానికి నోరు రాలేదు.

“నొప్పిగా ఉందండీ” అన్నాను, నెమ్మదిగా.

“ఏంటీ?”

ఆయనకి కుడి చెవి సరిగ్గా వినపడదు, ఫోను ఆ చెవికే పెడతారు. నాంచారమ్మకి అరిస్తే పలకడానికి తోటంతా ఉంది. నాకున్నది ఈయనొక్కరే, అదీ సగం చెవిటి మనిషి. ఆవిడంటే నాకు ఇప్పటికీ కుళ్ళే.

“ఏంటే, వినపడటంలా!”

బస్సులో అంతమంది ఉన్నారని తెలుసు. అయినా అరిచాను. “నొప్పిగా ఉందండీ! డిసెంబరు నుంచీ ప్రాణం పోతోంది! సోమవారం నాతో ఆస్పత్రికి రండి!”