పుష్పక విమానంలో వచ్చినవాళ్ళు

మా వంటింటి గట్టు నల్లరాయిది. ఖమ్మంలో ఈ ఫ్లాటు కొన్నప్పుడు అందరూ దాని నునుపును మెచ్చుకున్నారు గానీ, తడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ దాన్నుంచి లేచే చల్లని రాతివాసన నాకు సయించదు. తొలకరి చినుకులు పడ్డప్పుడు మా ఊరి గుట్ట ఇదే వాసన వేసేది. నిన్న సాయంత్రం గట్టు తుడుస్తుంటే ముందుగదిలో నా కూతురు గ్రహాంతరవాసులు భూమి మీదికి దండెత్తే సినిమా పెట్టుకుంది. అంత మోతలోనూ దానికి భయమే లేదు. నేను పడాల్సిన భయమంతా చిన్నప్పుడే పడ్డాను.

చండ్రుగొండకు అవతల, అడవి మొదలయ్యే చోట, గుట్టను ఆనుకుని ఉన్న గుప్పెడు ఇళ్ళే మా ఊరు. ఎండాకాలం వస్తే ఇప్పపూలు రాలి చెట్ల కిందంతా మత్తు వాసన, తునికిపండ్ల జిగురుకు అంటుకుపోయే వేళ్ళు, మధ్యాహ్నమంతా నీడపట్టున అచ్చనగాయలు, శ్రీరామనవమి నాడు మిరియాలు ఘాటెక్కిన పానకం, దోసిట్లో పోసే వడపప్పు, భద్రాచలం వెళ్ళొచ్చినవాళ్ళు కొంగున ముడేసి తెచ్చే తలంబ్రాలు. ఊళ్ళోకి ఎవరొచ్చినా ముందు చెంబుతో మంచినీళ్ళివ్వాలి, తాగి మూతి తుడుచుకున్నాకే ఎవరు, ఏ ఊరు, ఏం పని అని అడగాలి. గొంతెండిన మనిషిని పేరడగడం మా నాయనమ్మ దృష్టిలో తిట్టుతో సమానం. గుట్ట కింది చేదబావి ఆమె మామగారు తవ్వించింది. ఆ నీళ్ళంటే ఆమెకు అంత గర్వం.

ఒక నవమికి, పొద్దుగూకే వేళ, రాముడి సినిమా వేస్తానని ఒకాయన ట్రాక్టరు ట్రాలీలో టీవీ, జనరేటరు వేసుకుని వచ్చాడు. డిస్కు అట్ట మీద రాముడే ఉన్నాడు. లోపలి డిస్కు ఎక్కడ మారిపోయిందో, తెర మీద మబ్బులు చీల్చుకుని వెండిపళ్ళెంలా మెరిసే బండి ఒకటి దిగింది. "అగో, పుష్పక విమానం!" అని నాయనమ్మ లేచి చేతులు జోడించింది. ఆమెను చూసి ఊరంతా దణ్ణం పెట్టింది. అంతలో తెర మీది మనుషుల సైన్యం ఆ బండి మీదికి తుపాకులు పేల్చింది. బండిలోంచి పెద్ద తలలవాళ్ళు దిగి, "మానవులారా! ఇక ఈ గ్రహం మాది!" అని డబ్బింగు తెలుగులో ఉరిమారు. నేను అమ్మ ఒళ్ళో తల దాచుకున్నాను. నాయనమ్మకు మాత్రం కోపమొచ్చింది, పెద్ద తలలవాళ్ళ మీద కాదు.

"గంత దూరం నుంచి వచ్చినోళ్ళకు గుక్కెడు నీళ్ళియ్యరా? మొకం మీద తుపాకి పెడ్తరా? గందుకే వాళ్ళకు మండింది."

ఇక మాకు అదే ఆట. గంజి వార్చే సిబ్బులు నెత్తిన బోర్లించుకుని కొందరం గుట్ట మీంచి "మానవులారా!" అంటూ దిగేవాళ్ళం. కిందివాళ్ళు నాయనమ్మ చెప్పినట్టే చెంబందించేవాళ్ళు. నీళ్ళు తాగితే యుద్ధం అయిపోయినట్టు.

మరుసటి ఎండాకాలం నిజంగానే వచ్చారు. పళ్ళెంలో కాదు, తెల్ల జీపులో. నెత్తిన పసుపురంగు గట్టి టోపీలు. గుట్ట రాళ్ళను సుత్తితో కొట్టి ముక్కలు సంచుల్లో వేసుకున్నారు, బండల మీద ఎర్రరంగు గీతలు గీశారు. "మీ సహకారం మాకెంతో అవసరం" అన్న వాళ్ళ మాట వినగానే పిల్లలం ఒకరినొకరం గిల్లుకున్నాం. అచ్చం ఆ డబ్బింగు తెలుగే. నేను కొంగు పట్టి లాగాను.

"నాయనమ్మా, వాళ్ళే! సినిమాలోళ్ళే!"

"అయితే ఏంది? ఎండల పడి వచ్చిండ్రు. జల్దీ చెంబు తే బిడ్డా."

తాగారు. మళ్ళీ అడిగి తాగారు. నీళ్ళు తియ్యగా ఉన్నాయని మెచ్చుకున్నారు. అప్పుడు ఆమె పద్ధతి ప్రకారం అడిగింది, ఏం పని మీద వచ్చారని. ఊరికే చూసిపోదామని వచ్చామన్నారు.

క్వారీ రావడానికి ఎంతో కాలం పట్టలేదు. రాళ్ళు పేల్చేముందు సైరను మోగితే ఇళ్ళలోకి ఉరకడం మాకు కొత్త ఆటయింది, కప్పు పెంకులు పగలడం మొదలయ్యాక ఆట కాకుండా పోయింది. గుట్ట పలకలు పలకలుగా లారీలెక్కింది. గుట్ట ఉన్నచోట గుంత దిగింది, మా బావి ఊట ఆ గుంతలోకి జారింది. చేదకు బురద తగిలిన రోజు నాయనమ్మ ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ కసి. సినిమాల్లో అయితే ఆఖరున ఎవరో ఒకరు వాళ్ళను తరిమికొడతారు, జనం చప్పట్లు కొడతారు. మా ఊరికి ఆ ఆఖరు రానేలేదు. ఇళ్ళు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. మేమూ చండ్రుగొండలో కిరాయి ఇంటికి చేరాం. అక్కడో మధ్యాహ్నం చెమటలు కారుతూ ఒక ముసలాయన గుమ్మంలో నిలబడితే, నాయనమ్మ కూర్చున్న చోటు నుంచి కదలకుండా, "ఎవరు? ఏం కావాలె?" అంది. చెంబు ఆమె పక్కనే ఉంది. ఆయన దారి అడిగి వెళ్ళిపోయాడు. గుట్ట పోయినప్పుడు ఏడవని నేను ఆ రోజు ఏడ్చాను.

ఇప్పుడు గుట్ట లేదు, బావి లేదు, నాయనమ్మ లేదు. ఈ గట్టు రాయి మా గుట్టదో కాదో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నిన్న ముందుగదిలో వెండిబండి నేల మీదికి దిగుతుండగా తలుపు గంట మోగింది. చేతిలో తడిగుడ్డతోనే వెళ్ళి, గొళ్ళెం తీయకుండా, "ఎవరు? ఏం కావాలి?" అన్నాను.

"క్యాన్ నీళ్ళు తెచ్చినమ్మా" అన్నాడు బయటి మనిషి.