మొక్కు జుట్టు, ఉప్పుగాలి

మా చిన్నప్పుడు పొద్దున్నే నా తల అమ్మ మోకాళ్ళ మధ్య ఇరుక్కుని ఉండేది... అటు తిప్పడానికి లేదు, ఇటు తిప్పడానికి లేదు. ఒక చేతిలో చిక్కు దువ్వెన, పక్కన ఆముదం గిన్నె.

"కదలకురా... నీ తలకన్నా కొబ్బరి పీచు నయం" అనేది.

మగపిల్లాడినే. కానీ నడుందాకా జుట్టు. పుట్టినప్పుడు నాకు జబ్బు చేస్తే, తగ్గితే పుట్టు వెంట్రుకలు సింహాద్రి అప్పన్నకి ఇస్తామని అమ్మ మొక్కుకుంది. మూడో ఏడు తీయాల్సింది, దాటిపోయింది. ఐదో ఏడూ దాటిపోయింది. బళ్ళో వేసినా జుట్టు మాత్రం అలాగే ఉంది.

మా ఇల్లు జాలరిపేట వెనక సందులో. ఉప్పుగాలి తగిలితే చాలు, ఎంత బిగించి కట్టినా నుదుటి మీద, చెవుల దగ్గర పిల్లవెంట్రుకలు లేచి నిలబడేవి. అమ్మ ఆముదం రాసేది. మందారాకు నలిపి ఆ జిగురు పూసేది. కొప్పు కట్టి, దాని మీద తడిగుడ్డ బిగించి, ఆరేదాకా కూర్చోబెట్టేది. అప్పుడు పరిగెత్తకూడదు, తల వంచకూడదు, నవ్వకూడదు కూడా...

ఇంత చేసినా బడి గేటు దగ్గరికి వెళ్ళేసరికి అంతా మామూలే.

"ఒరే, ఈడు గుంటడా, గుంటా?" అని పిల్లలు మూగేవారు, మగపిల్లాడా ఆడపిల్లా అని. "ఏటే పిల్లా, పువ్వెట్టుకోలేదా?" అని ఒకడు రోజూ అడిగేవాడు.

ఒకసారి మాస్టారు, "రేపు పెద్దవాళ్ళు బడి చూడ్డానికొస్తారు, ఆ జుట్టు లేవకుండా కట్టుకుని రా" అన్నారు. అమ్మకి ఏం తోచిందో, నాన్న చొక్కాకి పెట్టే గంజి నా తలకి పెట్టేసింది. పొద్దున అట్టలా నిలిచింది. మధ్యాహ్నం చెమటకి కరిగి మెడ మీదికి కారింది. ఈగలు నన్ను వదల్లేదు... వచ్చిన పెద్దవాళ్ళూ నన్నే చూశారు.

ఆ సాయంత్రం ఒక్కడినే సెలూన్‌కి వెళ్ళాను. ఆయన కత్తెర కింద పెట్టేశాడు. "మొక్కు జుట్టురా అది. నాను ముట్టను. మీ మావయ్యని తీసుకురా."

అదే కదా కష్టం...

మా వైపు పుట్టు వెంట్రుకలు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీస్తారు. మొదటి కత్తెర ఆయనే వేయాలి. మా మావయ్య ఇల్లు రెండు వీధుల అవతలే. కానీ నాన్నకీ ఆయనకీ మాటల్లేవు. ఇద్దరూ పోర్టులోనే పని, ఒకే బస్సు. ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో కూర్చునేవారు.

గొడవేమిటంటే... మావయ్య తన గృహప్రవేశానికి ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవలేదు. బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ, "బావా, బుధవారం మా ఇంట్లో దిగుతన్నాం, అందరూ రావాల" అన్నాడట. నాన్న వెళ్ళలేదు. "బస్సులో సెప్తే పిలుపేటి? టిక్కెట్టు కొట్టినట్టు సెప్తాడా?" అని ఈయన. "సొంత బావ రాలేదు" అని ఆయన.

ఇప్పుడు నా జుట్టు తీయించాలంటే నాన్నే వెళ్ళి పిలవాలి.

"నా తల తెగినా పిలవను" అన్నాడు నాన్న.

"నీ తల సరే. ఆ గుంటడి తల సంగతేటి?" అంది అమ్మ.

నాకు ఇక ఈ కొప్పుతోనే పెళ్ళవుతుందనిపించింది.

గంజి పెట్టిన ఆ వారమే, చేపలమ్మే నూకాలమ్మ గంప దింపగానే అమ్మ అంది... "ఆదివారం సింహాచలం ఎల్తన్నాం. మా తమ్ముడు రాడు కదా... పక్కింటి అప్పారావు ఒళ్ళో కూకోబెట్టీత్తాం."

నూకాలమ్మ చేపలు తూచడం ఆపేసింది. "ఓలమ్మో!" అని బుగ్గ నొక్కుకుంది. ఆ గంప తర్వాత దిగేది మావయ్య గుమ్మంలోనే. అమ్మకి తెలుసు.

మేనమామ లేకపోయినా మొక్కు తీర్చేద్దామని అమ్మ నాన్నని బయల్దేరదీసింది. ఆదివారం కొండ మీద తలనీలాలు తీసేచోటికి వెళ్ళేసరికి మావయ్య మాకంటే ముందే ఉన్నాడు. చంకలో కొత్తబట్టల సంచీ, చేతిలో కత్తెర, కళ్ళు ఎర్రగా...

"ఏటి బావా! నా మేనల్లుడికి అప్పారావు మావయ్యా? నాను సచ్చిపోయేననుకున్నావా?"

"ఏ అప్పారావు?" అన్నాడు నాన్న.

అమ్మ నా నుదుటి మీద లేచిన వెంట్రుకల్ని తడిచేత్తో అదుముతూ ఎటో చూస్తోంది.

నాన్నకి అర్థమైంది. అయినా బింకం పోలేదు. "పిలవకుండా ఎలాగొచ్చేవ్?"

"పిలిత్తే ఒచ్చీవోడు సుట్టం బావా. నాను మేనమావని."

నాన్న వెళ్ళి పక్కనున్న పీట తెచ్చి మావయ్య ముందు వేశాడు. "కూకో" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్య నేను విన్న మంచి మాట అదొక్కటే.

మావయ్య నన్ను ఒళ్ళో బిగించి పట్టుకున్నాడు. "కదిలేవంటే సెవి తెగిపోద్ది" అన్నాడు. కత్తెర చప్పుడు... మొదటి పాయ ఒళ్ళో పడింది. మిగతాది మంగలాయన కత్తితో తీశాడు. లేచి నిలబడితే మెడ నాది కాదన్నంత తేలిక. కొండగాలి గుండు మీద చల్లగా తగిలింది. అమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తిరుగు బస్సులో నాన్న, మావయ్య ఒకే సీట్లో కూర్చున్నారు.

మొన్నామధ్య మా మనవడి పుట్టు వెంట్రుకలు తీయించాం. వాడి మేనమామ ఆఫీసు ఇదే ఊళ్ళో, రుషికొండలోనే. సెలవు దొరకలేదని ఫోన్‌లో చూశాడు. "ఎవరో ఒకరు కూర్చోండి" అన్నారు పంతులుగారు. నేనే కూర్చున్నాను. ఎవరూ అలగలేదు... ఎవరూ కత్తెర పట్టుకుని పరిగెత్తుకుని రాలేదు.

మీ పుట్టు వెంట్రుకలు ఎవరి ఒళ్ళో తీశారో మీకు తెలుసా? ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇవాళే అడగండి... ఆ రోజు ఎవరెవరు అలిగారో కూడా అడిగి, ఇక్కడ రాయండి.